ఫైలు వెంట రానివి

తెలుగునాట నేడు మధ్యతరగతి గృహములలో, గృహస్థుడు కొన్నదియు కాక, కోరి తెచ్చుకొన్నదియు కాక, చేతిలోని ఫోనుతో పాటు తానై వచ్చి చేరిన ఆస్తి యొకటి కలదు. అది గూగుల్ వారు ప్రతి ఖాతాకును ఉచితముగా ఇచ్చు 15 జీబీల చోటు. జీమెయిలులోని ఉత్తరములు, డ్రైవులోని కాగితములు, ఫొటోస్‌లోని ఛాయాచిత్రములు మూడును ఆ చోటినే పంచుకొనవలెను. కొంచెము నాణ్యత తగ్గించి దాచిన ఛాయాచిత్రములు 2021 మే నెలాఖరు వఱకు ఆ లెక్కలోనికి వచ్చెడివి కావు. జూన్ 1వ తేదీ నుండి క్రొత్తగా చేరునవన్నియు లెక్కలోనికి రాసాగినవి. పెండ్లిండ్లు, బారసాలలు, తీర్థయాత్రలు, మనుమల ముద్దుముచ్చటల వీడియోలు కలిసి ఆ చోటు చూచుచుండగనే నిండిపోవుచున్నది. నిండిన పిమ్మట క్రొత్త ఫైలు ఎక్కదు. ఉత్తరము రాదు, పోదు. అప్పుడు నెలనెలా చందా కట్టి అక్కడనే నిలుచుటయో, మఱియొక చోటికి తరలిపోవుటయో, రెంటిలో నొకటి నిశ్చయించుకొనక తప్పదు. పరదేశమందున్న కుమారుడో కుమార్తెయో మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టి యిచ్చినచో దానితో పాటు వన్‌డ్రైవునందు 1 టీబీ చోటు లభించును గనుక, మన యిండ్లలో తరలింపు తలపు పెక్కుసారులు ఆ దిక్కుగనే సాగుచున్నది.

ఇట్లు తరలిపోదలచినవారిలో ననేకులకు, ఫోల్డరును మౌసుతో పట్టి యీ విండో నుండి ఆ విండోలోనికి లాగినంతనే పని ముగియునను నమ్మకము కలదు. లాగినచో ఫైళ్లు వచ్చుననుమాట నిజమే. కాని ఫైలునకు ఒక పేరుండును. అది పుట్టిన తేదీ యుండును. దానిని చూచుటకు అనుమతి పొందినవారి జాబితా యుండును. ఎన్నడో ఎవరికో పంపిన లింకుండును. నిరుటి ప్రతికిని నేటి ప్రతికిని నడుమ జరిగిన మార్పుల చరిత్ర యుండును. వీనిలో అధిక భాగము ఫైలులోపల ఉండదు, ఫైలును దాచిన సంస్థవారి లెక్కలలో నుండును. కనుక తరలింపునందు ఫైలు సులభముగనే వచ్చును. దాని నల్లుకొనియున్న సంబంధములు మాత్రము, మనము పూనుకొని తెచ్చుకొననిదే, రావు. ఆ రానివాటిని గూర్చియే నేనీ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచితిని. గూగుల్ డ్రైవు నుండి వన్‌డ్రైవునకు పోవు మార్గమును ఉదాహరణముగా గైకొనుచున్నాను; డ్రాప్‌బాక్సు, ఐక్లౌడు మున్నగువాని విషయమునను చిక్కుల స్వరూపము ఇంచుమించుగా నిదియే.

అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది గూగుల్ డాక్సులో వ్రాసిన రచనల సంగతి. డాక్సులోని వ్యాసము, షీట్సులోని జమాఖర్చు సాధారణార్థమున ఫైళ్లు కావు. అవి గూగుల్ వారి సర్వర్లలోనే నివసించును, బ్రౌజరులోనే తెఱచుకొనును. కంప్యూటరులో డ్రైవు ఫోల్డరు తెఱచినప్పుడు వాని పేరిట కనిపించునది అసలు రచన కాదు, ఆ రచన యెక్కడ నున్నదో చెప్పు సూచిక మాత్రమే. దానిని పట్టి వన్‌డ్రైవు ఫోల్డరులో వేసినచో పేరు చేరును, జాబితా నిండుగా కనబడును, మనస్సు కుదుటపడును. కాని తెఱచినప్పుడెల్ల అది పాత ఖాతాలోని అసలు ప్రతి యొద్దకే కొనిపోవును. పాత ఖాతాలో దానిని తుడిచివేసిన మఱునాడు ఆ సూచిక దేనికిని పనికిరాదు. ఇట్టి సూచికను పరిమాణమును బట్టి గుర్తింపవచ్చును. నూఱు పుటల గ్రంథమునకు ఒక కేబీ పరిమాణము చాలదు గదా.

కావున వానిని వర్డు, ఎక్సెలు రూపములలోనికి మార్చి దింపుకొనవలెను. మార్చునప్పుడు అక్షరములు నిలుచును, మార్పుల చరిత్ర నిలువదు. ఎవరు ఏ వాక్యమును ఎప్పుడు దిద్దిరో చెప్పు పాత ప్రతులన్నియు పాత యింటనే ఉండిపోవును. షీట్సునకు మాత్రమే చెందిన సూత్రములు, ఒక పద్దు నుండి మఱియొక పద్దులోనికి అంకెలను తనంత తాను తెచ్చు ఏర్పాట్లు ఎక్సెలులో పనిచేయవు. మన భాషలో వ్రాయువారికి దీనికి తోడు ఇంకొక కష్టము కలదు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు మున్నగు తెలుగు ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో నుండుటచే డాక్సులో అందముగా కూర్చిన పుస్తకము, ఆ ఖతి లేని కంప్యూటరులోని వర్డులో తెఱచినప్పుడు నిర్మలా వంటి వేఱొక ఖతిని తొడుగుకొని వచ్చును. పంక్తులు జరుగును, పుటల సంఖ్య మారును, విషయసూచికలోని అంకెలు తప్పిపోవును. ఆ ఖతులను ముందే దింపి స్థాపించుకొనుటయు, ముగింపు రూపము పొందిన ప్రతి రచనకును పీడీఎఫ్ ప్రతి నొకదానిని చేసి దాచుటయు దీనికి విరుగుడు. ‘అను’ అను పేరుగల ఖతులతో కూర్చిన పాత పేజిమేకరు ఫైళ్లు ఎవరికైనను ఉన్నచో వారు మఱింత జాగరూకులై యుండవలెను. అందు తెలుగు అక్షరములు యూనికోడుగా గాక ఇంగ్లీషు కీల సంకేతములుగా నిలిచియుండును గనుక, ఖతి వెంట రానిచో ఫైలు క్షేమముగా చేరియు చదువ శక్యము గాని గజిబిజిగా తెఱచుకొనును. తెలుగు ప్రచురణ యొక తరము పాటు ఆ ఖతులలోనే సాగినది. ఆ ఫైళ్లతో పాటు ఖతిని సైతము అదే ఫోల్డరులో నుంచుట మన వాఙ్మయమునకు మనము చేయదగిన సేవ యని నేను తలంతును.

పేర్ల విషయము మఱింత సూక్ష్మమైనది. గూగుల్ డ్రైవు ఒకే ఫోల్డరులో ఒకే పేరుగల రెండు ఫైళ్లను ఉండనిచ్చును; వన్‌డ్రైవు ఉండనీయదు. వన్‌డ్రైవు పేరులో ప్రశ్నార్థకమును, నక్షత్రపు గుర్తును, ద్విబిందువును, నిలువు గీతను, కోణపు కుండలీకరణములను అంగీకరింపదు. ఫోల్డరులో ఫోల్డరుగా దిగుచు పోయిన పూర్తి దారి 400 వర్ణములను మించరాదు. కనుక “అమ్మ చెప్పిన కథ ఏది?” అని ప్రశ్నార్థకముతో ముగియు పేరుగల ఫైలు పాత చోట ఏండ్ల తరబడి సుఖముగ నుండి, క్రొత్త చోట పేరు మార్చుకొనక లోనికి రాలేదు. తెలుగు పేర్లకు నిడివి సమస్యయు కలదు. యూనికోడునందలి ప్రతి తెలుగు సంకేతమును యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు ఆక్రమించును. మన కంటికి ఒక్క అక్షరముగా తోచు ‘శ్రీ’ నిజమునకు శకారము, పొల్లు, రేఫము, ఈత్వము అను నాలుగు సంకేతముల కూటమి. అనగా పండ్రెండు బైట్లు. లినక్సు కంప్యూటర్లలోను, పెక్కు ఇంటి నిల్వ పెట్టెలలోను పేరునకు 255 బైట్లే గరిష్ఠ పరిమితి గనుక, 85 తెలుగు సంకేతములు దాటిన పేరు అక్కడ పట్టదు. దేవస్థానపు స్థలపురాణమునకో, సభ యొక్క ఆహ్వానపత్రమునకో పూర్తి పేరంతయు ఫైలు పేరుగా పెట్టువారికి ఈ హద్దు చాల త్వరగా తగులును.

మా మిత్రులొకరు, తెలుగు అధ్యాపకులుగా పనిచేసి విరమించినవారు, గ్రామములు తిరిగి ముదుసలుల నోట విన్న పాటలను, స్థానిక చరిత్రలను చిరకాలము సేకరించిరి. వారి సేకరణలో కొంత పాత మ్యాక్ కంప్యూటరులో జిప్పు మూటగా కట్టియుండెను. కొంత గూగుల్ డ్రైవులో నుండెను. రెండింటిని వారి విండోస్ కంప్యూటరులో ఒకే చోట విప్పగా, ‘హైదరాబాదు’ అను ఫోల్డరు ప్రక్కప్రక్కనే రెండుసారులు ప్రత్యక్షమాయెను. “ఏమండీ, ఒకే పేరుతో రెండెట్లా వచ్చాయి? రెండోదాంట్లో సగమే ఉన్నాయే!” యని వారు కలవరపడిరి. కారణము ‘హై’లోని ఐత్వము. యూనికోడు ఆ గుర్తును ఒకే సంకేతముగా వ్రాయనిచ్చును; ఎత్వమును, దాని క్రింద చేరు ప్రత్యేక చిహ్నమును వేర్వేఱుగా రెండు సంకేతములుగా వ్రాయుటను సైతము సమానమనియే అంగీకరించును. నాటి మ్యాక్ యంత్రములు పేర్లను విడదీసి దాచెడివి. విండోస్ కీబోర్డు కలిపి వ్రాయును. కంటికి రెండును ‘హైదరాబాదు’లే, యంత్రమునకు ఒకటి 9 సంకేతముల పేరు, రెండవది 10 సంకేతముల పేరు. రెండు ఫోల్డర్లను ఒకటిగా కలిపి, మిగిలిన ఫోల్డర్లలో ఐత్వముగల పేర్లన్నిటిని వెదకి సరిచేయుటతో మాకొక సాయంకాలము గడచినది. ఆ పని చేయనిచో రెండు సగములలో నొకటి అక్కరలేని నకలని యెవరో యొకనాడు తుడిచివేసెడివారు. ఆ సగములో నున్న గొంతులు కొన్ని నేడు భూమిమీద లేనివారివి.

ఛాయాచిత్రముల విషయమున తేదీయే ప్రాణము. కెమెరా తీసిన చిత్రము లోపల, తీసిన దినమును గంటయు నిక్షిప్తమై యుండును. అది చిత్రముతోనే వచ్చును. కాని పాత అట్టచిత్రములను స్కాను చేసి, గూగుల్ ఫొటోస్‌లో కూర్చుండి “ఇది 1968, తాతగారి షష్టిపూర్తి” యని మనము చేర్చిన తేదీలు, వ్రాసిన వివరణలు చిత్రములోనికి ఎక్కవు. గూగుల్ టేకౌట్ ద్వారా దింపుకొన్నప్పుడు అవి ప్రతి చిత్రము ప్రక్కన జేసన్ అను వేఱొక చిన్న ఫైలులో వచ్చును. ఆ ఫైలును చెత్తగా భావించి తుడిచివేయువారే యెక్కువ. తుడిచినచో తాతగారి షష్టిపూర్తి నిన్న స్కాను చేసిన దినమునకు పోయి చేరును. ఎగ్జిఫ్‌టూల్ వంటి ఉచిత సాధనముతో జేసనులోని తేదీని చిత్రము లోపలికి వ్రాయించి, ఆ పిమ్మటనే క్రొత్త చోటికి ఎక్కింపవలెను. వాట్సాపు ద్వారా వచ్చిన చిత్రములకు లోపలి తేదీ సామాన్యముగా తొలగింపబడియే యుండును. ఆండ్రాయిడు ఫోనులో వాని ఫైలు పేరునందు సంవత్సరము, నెల, దినము అంకెలుగా నుండును గనుక, ఆ పేర్లను మాత్రము మార్పకుండుట మేలు.

ఇక దారి మాట. టేకౌటు 2011లో వెలసినది. తమ వినియోగదారులు తమ సమాచారముతో సులభముగా వెడలిపోగలుగవలెనని గూగుల్‌లోనే కొందఱు ఇంజనీర్లు చేసిన ప్రయత్నమునకు ఫలమది, వారి ఆ యుద్దేశ్యము నాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచును. అది మన సరకునంతటిని మూటలుగా కట్టి, దింపుకొనుటకు లింకు నిచ్చును. ఆ లింకునకు సుమారు ఏడు దినముల గడువు. మూటలను నేరుగా వన్‌డ్రైవునకే పంపుమని కోరవచ్చును గాని, అక్కడికి చేరునవి విప్పని మూటలే. ఇంటి కంప్యూటరునకు దించి, విప్పి, మరల ఎక్కించు శ్రమ తప్పదు. ఆ యెక్కించుటకు పట్టు కాలమును ముందే లెక్క వేసికొనవలెను: సెకనుకు 10 మెగాబిట్ల వేగమున 100 జీబీలు ఎక్కుటకు 22 గంటలు మించును, 100 మెగాబిట్ల ఫైబరు కనెక్షనైనచో రెండుంబావు గంటలు చాలును. దింపు వేగము ఎక్కువగా నుండి ఎక్కించు వేగము తక్కువగా నుండు ప్లానులు కలవు గనుక, చూడవలసినది ఈ రెండవ అంకె.

కొంచెము సాంకేతిక పరిచయము గలవారికి ఆర్‌క్లోన్ అను ఉచిత సాధనము ఉత్తమము. నిక్ క్రెయిగ్-వుడ్ అను ఆంగ్లేయుడు ఆరంభించిన యీ సాధనము డెబ్బదికి పైగా నిల్వ సేవల భాష నెఱుగును. డాక్సు రచనలను వర్డు రూపమునకు తానే మార్చుకొని తెచ్చును. నడుమ కరెంటు పోయినచో, చేరిన ఫైళ్లను విడిచి చేరనివానినే మరల మోయును. అందు ‘కాపీ’, ‘సింకు’ అను రెండు ఆజ్ఞలు కలవు. మొదటిది లేనివానిని చేర్చును, దేనిని తీసివేయదు. రెండవది గమ్యస్థానమును అచ్చముగా మూలమువలె చేయును. అనగా గమ్యమునందుండి మూలమున లేని ఫైళ్లను తుడిచివేయును. తరలింపునకు కాపీయే తగినది. సింకు జోలికి పోరాదు. ఈ శ్రమ యేదియు లేకుండ రెండు ఖాతాల తాళములు మాకిండు, మేమే తరలింతుమను మధ్యవర్తి సేవలును కలవు. అట్టివారికి మన ఉత్తరములు, ఆధారు నకళ్లు, భూమి దస్తావేజులు అన్నియు చదువు హక్కు నిచ్చుచున్నామని యెఱిగి, నమ్మదగినవారైననే ఇచ్చి, పని ముగిసిన నాడే ఆ యనుమతిని ఖాతా భద్రతా పుటలో రద్దు చేయవలెను.

చేరినవి సరిగా చేరినవో లేదో చూచుట తరలింపులో సగము పని. కాటా వేయకుండ బస్తాలను కొట్టులోనికి దించుకొను రైతు మన పల్లెలలో లేడు; కాని వేలకొలది ఫైళ్లను దించుకొని లెక్క చూడనివారు కోకొల్లలు. ప్రతి ఫోల్డరులోను ఫైళ్ల సంఖ్యను, మొత్తము పరిమాణమును రెండు చోట్లను సరిపోల్చుట కనీస ధర్మము. ఇంకను గట్టి పరీక్ష హ్యాషు. రొనాల్డు రివెస్టు 1991లో రూపొందించిన ఎండీ5 పద్ధతి, ఎంత పెద్ద ఫైలునైనను 32 వర్ణముల ముద్రగా కుదించును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. అయితే గూగుల్ డ్రైవు ఎండీ5 ముద్రను చూపును, వన్‌డ్రైవు క్విక్‌ఎక్సార్‌హ్యాష్ అను తనదైన వేఱొక ముద్రను చూపును, డ్రాప్‌బాక్సు ఫైలును 4 ఎంబీల ముక్కలుగా కోసి మఱియొక రీతిని ముద్ర వేయును. ఒకరి ముద్ర నొకరిదానితో పోల్చుట కుదరదు గనుక, రెండు చోట్ల నుండియు ఫైళ్లను దించి బైటుబైటుగా పోల్చు మార్గమును ఆర్‌క్లోన్ కల్పించినది. ఆలస్యమగును గాని సందేహము మిగులదు. డాక్సు నుండి మార్చి తెచ్చిన రచనలకు ఈ పరీక్ష వర్తింపదు. వానిని తెఱచి కంటితో చదువుటయే గతి.

లింకుల సంగతి అందఱికంటె బంధువులకు ముందు తెలియును. పెండ్లి వీడియో లింకును డల్లాసులోని మేనత్తకు, మెల్‌బోర్నులోని బావమఱదికి, నాలుగు వాట్సాపు గ్రూపులకు పంపియుందుము. ఆ లింకు పాత చోటిని మాత్రమే చూపును, తరలిన ఫైలును వెంబడింపదు. గ్రంథాలయములు, సాహిత్య సంస్థలు తమ స్కాను ప్రతుల లింకులను అచ్చు పుస్తకములలో సైతము ముద్రించుచున్నవి. అచ్చైన లింకును దిద్దుట యెట్లు? తరలింపునకు ముందే ఏ ఫోల్డరు ఎవరెవరితో పంచుకొంటిమో వ్రాసికొనుట, తరలిన పిమ్మట క్రొత్త లింకులను వారికి పంపుట తప్ప మార్గాంతరము లేదు. ఇతరులు మనతో పంచుకొన్నవి మన ఖాతాలో కనబడుచున్నను మనవి కావు. ప్రతి చేసికొననిదే అవి మన వెంట రావు.

తరలింపునకు తీరిక యున్నప్పుడే పూనుకొనుట మంచిదనుటకు చరిత్రలో నిదర్శనములు కలవు. 2013 సెప్టెంబరులో నిర్వానిక్స్ అను అమెరికా నిల్వ సంస్థ తన ఖాతాదారులకు, ఆ నెలాఖరులోగా మీ సరకును తీసికొనిపొండని చెప్పినది. వారు పెద్ద పెద్ద కంపెనీలవారు, వారి సరకు అపారము, గడువు రెండు వారములు. గడువును అక్టోబరు 15 వఱకు పొడిగించినను ఆందోళన తప్పలేదు. మఱుసటి యేడు ఉబుంటు వన్ అను నిల్వ సేవ జూన్ 1న ఆగిపోయినది. జూలై 31 వఱకు దింపుకొనుటకు వ్యవధి యిచ్చిరి.

ఇట్లు వెడలిపోవుటను ఐరోపావారు చట్టబద్ధమైన హక్కుగా చేసికొనిరి. 2018 మే 25న అమలులోనికి వచ్చిన వారి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములోని 20వ అధికరణము, తన సమాచారమును యంత్రము చదువగల రూపమున పొందుటకును, వీలైనచోట నేరుగా మఱియొక సంస్థకు పంపించుకొనుటకును ప్రతి వ్యక్తికిని అధికారమిచ్చినది. మన దేశమున ఇదే విషయమై వచ్చిన 2019 నాటి బిల్లులో ఇట్టి హక్కు ఉండెను; 2023లో చట్టమైనదానిలో లేదు. అది తిరిగి రావలెనని నా దృఢమైన అభిప్రాయము. నేడు మనకున్న సౌకర్యములు సంస్థలు దయతో ఇచ్చినవి. దయతో ఇచ్చినదానిని వారు ఉపసంహరించుకొన్నచో అడుగుటకు మనకు ఆధారము లేదు.

అంతయు చేరి, లెక్క సరిపోయిన పిమ్మటను పాత చోటిని వెంటనే ఖాళీ చేయరాదు. ఆదాయపు పన్ను కాగితములు, పిల్లల సర్టిఫికెట్లు ఏడాదికొకసారియే తెఱచుదుము. లోపమేదైన నున్నచో అప్పుడే బయటపడును. కనుక ఒక సంవత్సరము పాటు పాత ప్రతిని గాని, ఇంటి హార్డుడిస్కులో మఱియొక ప్రతిని గాని నిలుపుకొనుట యుక్తము. గూగుల్ ఖాతాను మాత్రము మూయనక్కరలేదు, మూయరాదు. బ్యాంకులు, ఆధారు, పాస్‌పోర్టు కార్యాలయము మున్నగువానికి మనము ఇచ్చియున్న చిరునామా ఆ జీమెయిలే. అదనపు చోటు కొఱకు చందా కట్టుచున్నవారు, చిత్రములను, పెద్ద ఫైళ్లను తొలగించి ఉచిత పరిమితికి లోబడిన పిమ్మట దానిని మానుకొనవచ్చును. ఫోనులోని గూగుల్ ఫొటోస్ నుండి చిత్రమును తుడిచినచో ఫోనులోని ప్రతియు తోడుగా పోవును గనుక, ఈ తొలగింపును కంప్యూటరులోని బ్రౌజరు నుండి, ఫోనులో బ్యాకప్పు నిలిపివేసిన తరువాత చేయవలెను. తుడిచినవి డ్రైవు చెత్తబుట్టలో 30 దినములు, ఫొటోస్ చెత్తబుట్టలో 60 దినములు నిలిచియుండును; ఆ గడువులోపల కావలసినదానిని తిరిగి తెచ్చుకొనవచ్చును, గడువు దాటిన పిమ్మట ఆ వీలు లేదు.